రాజు వెనక నెమలి

గార్డుగారి కోడలి గొప్పతనం చెప్పాలంటే ముందు ఆమె చేసిన ఘనకార్యం చెప్పాలి. అది దాచి ఇది చెబితే సగం వడ్డించి కంచం లాగేసినట్టవుతుంది.

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, మామగారిని మెప్పించాలన్న ఆత్రంతో, ఆయన బల్ల మీద నల్లగా మాసిపోయి కనిపించిన ఒక వెండి నాణేన్ని చెప్పాపెట్టకుండా తన పనిచోటికి పట్టుకెళ్ళింది. ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిని బట్టి సెట్లూ తొడుగులూ తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. అక్కడ మెరుగు పెట్టే మోటారు ఉంది, దానికి మెత్తటి చక్రం ఉంది, సన్నటి రాతిపొడి ఉంది. తళతళలాడేదాకా రుద్దందే ఆమె చేతులు ఊరుకోవు. పన్నుకు చేసే మర్యాదే నాణేనికీ చేసింది. సాయంత్రం తెచ్చి బల్ల మీద పెట్టి, మెచ్చుకోలు కోసం గుమ్మం దగ్గర నిలబడింది.

ఆ నాణెం రోము చక్రవర్తి హేడ్రియన్‌ది. దెనారియస్ అంటారు దాన్ని. వెండి బిళ్ళ, గార్డు కోటు గుండీ అంత ఉంటుంది. వందల ఏళ్ళు మట్టిలోనూ పెట్టెల్లోనూ ఉండి వెండి మీద ఒక నలుపు పడుతుంది. నాణేలు పోగుచేసేవాళ్ళు ఆ నలుపును కన్నబిడ్డ కంటి కాటుకలా కాపాడుకుంటారు. అది ఒక్క పూటలో పోయింది. హేడ్రియన్ గడ్డం మీది వెంట్రుకలు సగం నున్నగా అరిగిపోయాయి. కొత్తగా కట్టించుకున్న ముందు పన్నులా మెరిసిపోతున్నాడు మహానుభావుడు.

గార్డుగారు ఆ నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఊళ్ళో అందరికీ ఆయన గార్డుగారే, కట్టుకున్న భార్యకు కూడా. జీవితమంతా ఆఖరి డబ్బాలో నిలబడి ప్రయాణం చేయడం వల్లనేమో, ఏ మాటైనా అందరికంటే చివర మాట్లాడటం అలవాటు. అత్తగారు మాత్రం ఆగలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"చూశారా, పిల్ల ఎంత బాగా తోమిందో! ఇన్నేళ్ళలో మీకు తోచిందా?"

గార్డుగారి ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్ళీ మామూలైంది. భోజనం అయ్యేదాకా మాట్లాడలేదు. చేతులు తుడుచుకుంటూ కోడల్ని పిలిచాడు.

"అమ్మాయ్, ఈయనెవరో నీకు తెలుసా?"

"తెలీదు మామయ్యగారూ."

"ముక్కూ ముఖం తెలీని మనిషికి ఎవరైనా స్నానం చేయిస్తారా?"

కోడలికి నేల చీలి అందులో దూరిపోవాలనిపించింది. పక్కగదిలో భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్, నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

"రేపట్నుంచి ఇక్కడ కూర్చో. వీళ్ళంతా ఎవరో ముందు తెలుసుకో. తోమడం సంగతి తరవాత చూద్దాం" అన్నాడు గార్డుగారు.

శిక్ష అనుకుని కూర్చుంది. అదే ఆమె జీవితంలో జరిగిన మంచి సంగతి అవుతుందని ఆ పూట చెబితే ఏడ్చేసి ఉండేది.

గార్డుగారికి ఈ పిచ్చి పట్టింది ఉద్యోగంలో ఉండగానే. రైలు రాత్రికి ఆగే ఊరిలో స్టేషను పక్కనే ఒక వెండి దుకాణం ఉండేది. జనం తెచ్చి అమ్ముకున్న పాత గొలుసులూ విరిగిన గిన్నెలూ చెంచాలూ, ఒకప్పటి ఓడ వ్యాపారంతో వచ్చి పొలాల్లో దొరికే పాత నాణేలూ ఒక పళ్ళెంలో పోసి, కరిగించడానికి మూసలోకి పంపేవాడు దుకాణదారు. ఆ కుప్పలో ఒకసారి ఎవరిదో గద్దముక్కు తొంగిచూసింది. గార్డుగారు బేరమాడకుండా కొనేశాడు. చొక్కా జేబులో పెట్టుకుని, తిరుగు ప్రయాణమంతా దాన్ని తడుముకుంటూ వచ్చాడు. అది నెర్వా అనే రోము చక్రవర్తి ముక్కు అని తెలుసుకోవడానికి గ్రంథాలయం చుట్టూ ఏడాది తిరిగాడు. ఆ తరవాత ఆ స్టేషనులో డ్యూటీ పడితే చాలు, టీ కూడా తాగకుండా దుకాణానికి పరుగే. అలా కొలిమి నోట్లోంచి లాక్కొచ్చిన రాజులు ఆ ఇంట్లో ఒక చెక్కపెట్టె నిండా ఉన్నారు.

ఆయన చెప్పే పద్ధతికి ఒక వరస ఉండేది. ముందు తూకం, తరవాత అంచు, ఆ తరవాత ముఖం, చివరికి వీపు. వీపు చూసి ముఖం ఊహించడం కూడదు. ఊహ మొదట వస్తే కన్ను దాని వెనకాల పడి పోతుంది, అంటాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దానితో మనకు తరవాత పని ఉంది.

కోడలికి మొదట అన్నీ ఒక్కలాగే కనిపించాయి. అన్నీ కుడివైపు తిరిగిన తలకాయలే, ఆకుల కిరీటాలే. మెడలు విరిచి పక్కకు చూస్తున్న పెద్దమనుషులు. కానీ ఆమె పొద్దుటినుంచి సాయంత్రందాకా దవడలతో బతికే మనిషి. ఒకరోజు భూతద్దం కింద ఒక బలమైన మెడను చాలాసేపు చూసి, నెమ్మదిగా అంది.

"మామయ్యగారూ, ఈయనకి పై పళ్ళు లేవండి."

"ఏంటీ?"

"పెదవి లోపలికి పోయింది చూడండి. గడ్డం ముక్కు దగ్గరికి వచ్చేసింది. సెట్టు పెట్టించుకోవాల్సిన నోరు ఇది."

అది వెస్పేషియన్ అనే చక్రవర్తి నాణెం. గార్డుగారు నాణేన్ని చూశాడు, కోడల్ని చూశాడు, మళ్ళీ నాణేన్ని చూశాడు. స్నానం గొడవ జరిగాక మొదటిసారి పకపకా నవ్వాడు.

"ఏమోయ్, ఇలా రా! నీ కోడలు రాజుగారికి పళ్ళు కట్టిస్తానంటోంది" అని భార్యను కేకేశాడు.

"కట్టించనీండి. రాజైతే మాత్రం నమలక్కర్లేదా?" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

అంతే, అక్కడినుంచి ఆమెకు దారి దొరికింది. నాణేల మీది అక్షరాలు పట్టుబడకముందే దవడలు పట్టుబడ్డాయి. ట్రేజన్ నుదుటి మీద కత్తిరించినట్టుండే జుట్టు, కుర్రవాడిగా మొదలై నాణెం నాణేనికీ గడ్డం పెంచుకుంటూ వచ్చిన మార్కస్ ఆరీలియస్, ఫౌస్టీనా మహారాణి నడినెత్తిన చుట్టుకున్న జడ. సగం అరిగిపోయిన ముఖాన్ని కూడా చెవి దగ్గరి ఎముకను బట్టి ఫలానా అనేసేది. తరవాత పుస్తకం తీసి చూసుకుంటే చాలావరకు సరిపోయేది. సరిపోయిన ప్రతిసారీ ఆమె మనసు పురివిప్పేది. ఆమె తండ్రి ఒక చిన్న కుట్టుపని దుకాణంలో గుండీలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. ఇంట్లో చరిత్ర పుస్తకమన్నది ఆమె పరీక్ష రాసిన రోజుతో సరి. అలాంటిది ఇప్పుడు చక్రవర్తులు ఆమె చేతిలో పడితే పేరు చెప్పకుండా తప్పించుకోలేకపోతున్నారు. గర్వపడకపోతే ఎలా?

ఒక్క ముల్లు మాత్రం ఉండేది. ప్రతి నాణెం కిందా గార్డుగారు గుండ్రటి అక్షరాలతో ఒక చిన్న అట్ట రాసిపెట్టేవాడు. ఎవరు, ఏ కాలం, వెనక ఏముంది. చివరి వరస ఎప్పుడూ ఒకటే, "గుర్తించినది: గార్డు." పెట్టెలో రాజులు సగంమంది కోడలి కంటికి దొరికినవాళ్ళే. అట్ట మీద మాత్రం గార్డే. ఒకసారి భర్త దగ్గర అంది.

"నాన్న చేతికి ఆ మాట అలవాటైపోయింది. పచ్చజెండా ఊపినట్టు ఊపేస్తాడు. పట్టించుకోకు" అన్నాడతను.

పట్టించుకోలేదు. అంటే, పట్టించుకోనట్టు ఉండటం నేర్చుకుంది.

ఇక నెమలి సంగతి.

పెట్టెలో అన్నిటికంటే పైన, ఎర్ర గుడ్డ మీద, ఒంటరిగా ఒక నాణెం ఉండేది. ముందువైపు ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి, పొడుగు ముఖం, తీరైన గడ్డం. వెనకవైపు నడుస్తున్న నెమలి. ఈ ఆంటొనైనస్ భార్యే ఆ జడచుట్ట ఫౌస్టీనా. ఆమె చనిపోయాక ఆయన ఆమెను దేవతల్లో కలిపాడు, ఆమె పేరుతో నాణేలు కొట్టించాడు. వాటిలో కొన్నింటి వెనక నెమలి ఉంటుంది, ఆమె ప్రాణాన్ని పైకి మోసుకుపోయే నెమలి. అంటే ఆ నెమలి రాణి ముఖం వెనక ఉండాలి. గార్డుగారి నాణెంలో అది రాజు ముఖం వెనక ఉంది. ఆయన తిరగేసిన ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు.

గార్డుగారు దీనికి ఒక కథ చెప్పేవాడు. భార్య పోయిన దుఃఖంలో రాజు టంకశాలకు కబురుపెట్టి, తన ముఖం వెనక ఆమె నెమలిని పెట్టి ఒకే ఒక్క నాణెం కొట్టించుకున్నాడట. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా గుప్పిట్లో పెట్టుకుని తిరిగాడట. చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తబడేది. అత్తగారు ఆ కథను వీధిలో వినని ఆడమనిషి లేకుండా చెప్పింది.

"నేను ముందు పోతే నా కోసం ఏ పిట్టని కొట్టిస్తారు?" అని అడిగేది భర్తను.

"కాకిని" అనేవాడాయన.

"కొట్టించండి. రోజూ వచ్చి మీ నెత్తిన వాలతాను."

ఈ మాటలు ఆ ఇంట్లో ఎన్నిసార్లు జరిగాయో లెక్కలేదు. ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా అన్నట్టే నవ్వుకునేవారు.

ఆ ఏడు ఊళ్ళోని నాణేల సంఘం గ్రంథాలయం హాల్లో ప్రదర్శన పెట్టాలనుకుంది. సంఘం కార్యదర్శి మందుల షాపాయన. హుషారు మనిషి, జ్వరం బిళ్ళ ఇస్తూ కూడా నాణేల కబుర్లు చెబుతాడు. ఆయన పెద్దూరి మ్యూజియం నుంచి నాణేల విభాగం చూసే ఆవిణ్ణి ఆహ్వానించాడు. రాజు వెనక నెమలి ఉన్న నాణెం మా ఊళ్ళో ఉంది, వచ్చి చూడండని రాశాడు. ఆవిడ వస్తానంది. హాలు మధ్యలోని అద్దాల పెట్టె గార్డుగారికే కేటాయించారు. అప్పటికే ఆయనకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను మసక. వేళ్ళతో తడిమి నాణేల్ని గుర్తుపట్టేవాడు. ఇంతకాలం పళ్ళెం పళ్ళెం వెతికిన దానికి ఇక మీదట మిగిలేది ఆ ఒక్క రోజేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

సరిగ్గా అప్పుడు కోడలు ల్యాబులో ఒక పొరపాటు చేసింది.

ఇద్దరు రోగుల అచ్చులు ఒకేసారి వచ్చాయి. ప్లాస్టరు పోసి ఆరబెట్టి, ఒకరి పై దవడను ఇంకొకరి కింది దవడతో ఇత్తడి చట్రంలో బిగించింది. మూసి చూస్తే పళ్ళు కలవలేదు. పై వరస ఒక దారి, కింది వరస ఒక దారి. అరగదీద్దామా అని చేతిలోకి ఆకురాయి కూడా తీసుకుంది. అప్పుడు వెనక రాసిన గుర్తులు చూసుకుంది. అచ్చులు రెండూ మంచివే, ఎక్కడా వంకలేదు, కాకపోతే ఒకే నోటివి కావు. నాలుక కరుచుకుని విప్పేసింది. విప్పుతూ ఉండగానే చేతులు ఆగిపోయాయి.

రాజు ముఖం మంచిదే. నెమలీ మంచిదే. ఒకే నోటివి కావు.

ఇంటికి వెళ్ళగానే మామగారిని అడిగి నెమలి నాణెం తీసుకుంది. ప్రదర్శనకు ముందు మరోసారి చూస్తోందనుకుని ఆయన మురిసిపోయి ఇచ్చాడు. ఆయన నేర్పిన వరసలోనే చూసింది. ముందు తూకం. తక్కువ. అరుగుదల అని ఆయన ఎప్పుడూ అనేవాడు, కానీ గడ్డంలో ఒక్కో పాయా విడివిడిగా నిలిచి ఉన్న నాణేనికి అరుగుదల ఏమిటి? తరవాత అంచు. ఒకచోట ఏదో చర్మం పొట్టు లేచినట్టుంది. తరవాత ముఖం. రాజు చెవి కింద ఎప్పటినుంచో ఒక మచ్చ ఉంది. మట్టి అనుకునేవారు. ల్యాబునుంచి తెచ్చుకున్న గట్టి భూతద్దం పెట్టి చూస్తే అది మట్టి కాదు. వెండి అక్కడ చిరిగింది. చిరుగు అంచున వెండి పల్చగా, కింద ఎరుపు, ఆ ఎరుపు చుట్టూ ఆకుపచ్చ.

ఇది ఆమె రోజూ చూసేదే. ముసలివాళ్ళ పాత బంగారు తొడుగు నమిలి నమిలి ఒకచోట చిల్లిపడుతుంది. లోపలిది ఏమిటో అప్పుడు బయటపడుతుంది. ఈ నాణెం వెండిది కాదు. రాగి బిళ్ళ మీద వెండి తొడుగు. ఆ కాలంలోనే ఎవడో దొంగ రెండు అసలు నాణేల నుంచి అచ్చులు తీసుకున్నాడు, ఒకటి రాజుది, ఒకటి రాణిది. ఏ ముఖానికి ఏ వీపో వాడికి తెలియదు, తెలిసినా పట్టలేదు. చేతికందిన ముఖానికి చేతికందిన వీపు తగిలించి కొట్టేశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఎర్ర గుడ్డ పరుపు మీద, అందరి చేతా నమస్కారాలు పెట్టించుకుంటూ ఇంతకాలం కాపురం చేశాడు.

మొదట ఆమెకు కలిగింది ఆనందమే. దాచడమెందుకు? ఒళ్ళు పులకరించింది. వందల చేతులు దాటుకుని వచ్చినవాడు ఆమె అద్దం కింద దొరికిపోయాడు. ఆ వెంటనే పక్కగదిలోంచి మామగారి గొంతు వినిపించింది. అత్తగారితో ఆ కథే మళ్ళీ చెబుతున్నాడు, మ్యూజియం ఆవిడ ముందు ఎలా చెప్పాలో సాధన చేసుకుంటున్నాడు. కోడలు భూతద్దం దించేసింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఆయన కథ విరుగుతుంది, అత్తగారి నెమలి ఎగిరిపోతుంది. చెప్పకపోతే ఆ వచ్చే ఆవిడ ఒక్క చూపులో కనిపెట్టి, ఊరందరి ముందు మెల్లగా, మర్యాదగా చెబుతుంది. అది ఇంకా ఘోరం. ఇన్నేళ్ళు నాణేల విషయంలో తప్పు చెప్పని మనిషి, దొంగ నాణేన్ని నెత్తిన పెట్టుకున్నవాడిగా మిగులుతాడు. భర్తను అడిగింది.

"లిఫ్టు తీగ తెగేలా ఉందని తెలిస్తే నేను చెప్పకుండా ఉంటానా? జనం ఎక్కకముందే చెప్పాలి" అన్నాడు.

మర్నాడు టీ ఇచ్చి, మామగారి పక్కన కూర్చుంది. ఆపరేషన్ అయిన కంటికి అద్దం ఆనించి, చెవి కింది చిరుగు చూపించింది. తూకం చెప్పింది. దవడల సంగతి చెప్పింది. గార్డుగారు చివరిదాకా విన్నాడు. అద్దం పక్కన పెట్టాడు.

"రాజు దుఃఖంలో కొట్టించుకున్నాడు. తొందరలో వెండి దొరక్కపోయుండొచ్చు" అన్నాడు.

"రాజుకి వెండి దొరకదా మామయ్యగారూ?"

"నీకేం తెలుసు? నువ్వు పళ్ళు చూసుకో!" తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న మంకుతనం ఆయన గొంతులో లేచింది. "మొదట్లో ఒకదాన్ని తోమి పాడుచేశావు. ఇప్పుడు దీన్ని నోటితో పాడుచేస్తున్నావు."

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ లేచి వెళ్ళిపోలేదు.

"ఊహ మొదట వస్తే కన్ను దాని వెనకాల పోతుందని నాకు చెప్పింది మీరే" అంది. "నేను నేర్చుకున్నది మీ దగ్గరే. తప్పైతే మీ చదువే తప్పు."

గార్డుగారు కుర్చీ తిప్పుకుని కిటికీ వైపు కూర్చున్నాడు. ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తిన్నాడు, చాలన్నప్పుడు చేయి అడ్డం పెట్టాడు. నాణేన్ని మాత్రం వదల్లేదు. బొటనవేలితో ఆ చెవి కింద మాటిమాటికీ తడుముకుంటూనే ఉన్నాడు. మందుల షాపాయన అట్టలు రాశారా అని కబురుపెడితే జవాబివ్వలేదు.

విచిత్రం ఏమిటంటే అత్తగారు కూడా నోరు మెదపలేదు. గోడ అవతలినుంచి అంతా విందని కోడలికి తెలుసు. నువ్వుగింజ నానని ఆ నోట్లో ఇంత పెద్ద సంగతి రెండు రోజులు ఆగిందంటే ఏం ముంచుకొస్తుందోనని భయపడింది. మూడో రోజు, ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఎవరితోనో అన్నట్టు అత్తగారు అడిగింది.

"అయితే ఆ రాజు కొట్టించలేదన్నమాట."

"లేదత్తయ్యా" అంది కోడలు, తల దించుకుని.

"దొంగే కలిపాడా ఇద్దర్నీ?"

"అవును. చూసుకోక కలిపేశాడు."

అత్తగారు చేతిలోని చొక్కా పక్కన పడేసి, భర్త వైపు తిరిగింది.

"విన్నారా? అంత రాజ్యం ఉండి, అంత టంకశాల ఉండి, పెళ్ళాం నెమలిని తన వీపున పెట్టుకోవాలని ఆ మహారాజుకి తోచలేదు. వాడెవడో పొట్ట కోసం దొంగతనం చేసేవాడికి చేతికొచ్చింది. నాకైతే ఈ కథే బాగుంది. రాజుల మాట దేనికి, ఇందులో మనలాంటివాడు ఒకడున్నాడు."

గార్డుగారు నాణేన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని కోడలు లేవబోయింది. నవ్వుతున్నాడు.

"దొంగవెధవ" అన్నాడు నాణేన్ని చూస్తూ, ఎంతో ప్రేమగా. "ఎంత పనిచేశావురా! అమ్మాయ్, ఆ అట్టలూ పెన్నూ ఇలా తే."

కోడలు రాస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. మసక కంటితో, ముఖం కాగితానికి ఆనించి, చేత్తో మరుగుచేసి రాసుకున్నాడు. పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడేమోనని భయపడే పిల్లాడిలా ఉన్నాడు. రెండు అట్టలు రాశాడు. రెండోది ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ప్రదర్శన రోజు గ్రంథాలయం హాలు కిటకిటలాడింది. మధ్య పెట్టె చుట్టూ మనుషులు మూగారు. కోడలు ల్యాబులో పని ముగించుకుని, గోళ్ళ సందుల్లో ప్లాస్టరు పొడి పూర్తిగా పోకముందే పరుగున వచ్చింది. మామగారు ఇస్త్రీ చేసిన పాత గార్డు కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. అత్తగారు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకు దొంగ కథ చెబుతోంది. అప్పటికే ఆ కథలో దొంగకు ఒక పెళ్ళామూ, ఆమెకు నెమళ్ళంటే ఇష్టమూ చేరిపోయాయి.

మ్యూజియం ఆవిడ నెమలి నాణెం మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తరవాత దాని కింది అట్ట చదివింది. కోడలు కూడా అప్పుడే, మనుషుల భుజాల మీంచి, దాన్ని మొదటిసారి చదివింది. అక్షరాలు ఎక్కి దిగుతూ, వరస తప్పి ఉన్నాయి.

"ముందు ఆంటొనైనస్ పయస్. వెనక ఫౌస్టీనా నెమలి. రాగి మీద వెండి తొడుగు. ఆ కాలపు దొంగ పని. ఇన్నేళ్ళూ అసలుదని నమ్మినది: గార్డు. పట్టుకున్నది: మా కోడలు."

"ఇలాంటి తొడుగు నాణేలు మా దగ్గరా ఉన్నాయండి" అంది మ్యూజియం ఆవిడ. "మేం వాటిని వెనక సొరుగులో పెడతాం. హాలు మధ్యలో ఎర్ర గుడ్డ మీద పెట్టినవాళ్ళని మాత్రం ఇక్కడే చూస్తున్నాను. బాగుంది. ఇంతకీ ఈ పక్కనున్నది ఏమిటి?"

కోడలు అప్పుడు చూసింది. నెమలి నాణేనికి ఆనుకుని, అదే ఎర్ర గుడ్డ మీద, కళ్ళు జిగేలుమనేలా ఇంకో నాణెం ఉంది. హేడ్రియన్. స్నానం చేసిన రాజు. ఇన్నేళ్ళూ తన కంట పడకూడదని ఆమే పెట్టె అడుగున కుక్కేసిన నాణెం. ఆమె ఒళ్ళంతా వేడెక్కింది. ఆ రెండో అట్ట దీనికన్నమాట. "మెరుగు పెట్టినది: మా కోడలు" అని ఉంది దాని మీద, అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పారిపోదామని ఆమె వెనక్కి అడుగేసింది.

గార్డుగారికి ఆ మసకలో ఆమె ఎలా కనిపించిందో గాని, చేయి చాచి ఆమె మణికట్టు పట్టుకుని, ముందుకు లాగి, అద్దాల పెట్టె పక్కన నిలబెట్టాడు. ఎప్పుడూ చివర మాట్లాడే మనిషి ఈసారి ఎవరూ అడగకముందే గొంతెత్తాడు.

"అది మా ఇంటికొచ్చిన కొత్తలో చేసింది. ఇది ఈ నెల్లో చేసింది" అన్నాడు, మొదట మెరిసే నాణేన్ని, తరవాత నెమలిని వేలితో చూపిస్తూ. "ఆ రెంటికీ మధ్యలో ఉన్నది చదువు. నా పెట్టె ఇక మీదట ఈమెది. మీకేమైనా అడగాలనుంటే ఈమెనే అడగండి."

మ్యూజియం ఆవిడ కోడలి వైపు తిరిగి, ఆ చెవి కింది చిరుగు ఎలా కనిపెట్టారని అడిగింది. కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గొంతు సవరించుకుంది.

"ముందు తూకం చూడాలండి" అని మొదలుపెట్టింది.